గుమ్మలక్ష్మీపురం దారికి ఏ స్ప్రింగు?

కాయిలోవర్ల గురించి, అంటే ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకబ్జరు సెట్ల గురించి మాట్లాడేవాళ్ల మనసులో సాధారణంగా రేసు ట్రాకో, ఆరు వరసల రహదారో ఉంటుంది. పార్వతీపురం నుంచి కురుపాం మీదుగా గుమ్మలక్ష్మీపురం, అక్కణ్నుంచి ఎల్విన్‌పేట, భద్రగిరి తిరిగే మనిషికి ఆ మాటల్లో ఎంత పనికొస్తుందో తేల్చుకోవాలని ఈ సంవాదం రాస్తున్నాను. వాదించేది ఒక మేనమామ, ఒక మేనల్లుడు. మేనమామ కమాండర్ జీపుల కాలం నుంచి ఈ మన్యంలో బళ్లు తోలినవాడు, కమాన్ కట్టలు తన చేత్తో విప్పి బిగించినవాడు. మేనల్లుడికి విశాఖలో ఉద్యోగం, చేతిలో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. సెలవు దొరికితే ఇంటికి వస్తాడు, లేదంటే అరకు ఘాట్ ఎక్కుతాడు. ఇద్దరూ విషయం తెలిసినవాళ్లే. నా మొగ్గు ఎటో దాచను, సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

మేనల్లుడు: మావయ్యా, కారుకి కాయిలోవర్లు వేయిద్దామనుకుంటున్నాను. ముందూ వెనకా 40 మిల్లీమీటర్లు దించితే ఘాట్‌లో బండి నేలకి అతుక్కుపోతుంది. ఇప్పుడైతే అనంతగిరి మలుపుల్లో పక్కకి వాలిపోతోంది. దిగేటప్పుడు బ్రేకు వేస్తే ముక్కు కిందికి పొడుస్తోంది.

మేనమామ: బండి ఎంత తిరిగింది?

మేనల్లుడు: 80 వేల కిలోమీటర్లు దాటింది.

మేనమామ: షాకబ్జర్లు ఎప్పుడైనా మార్చావా?

మేనల్లుడు: లేదు, కంపెనీవే.

మేనమామ: మరి నువ్వు దేన్ని దేనితో పోలుస్తున్నట్టురా? కొత్త కాయిలోవర్‌ని చచ్చిపోయిన షాకబ్జర్‌తో పోలుస్తున్నావు. ఇందాక కింద చూశాను. ముందు కుడివైపు స్ట్రట్‌కి నూనె చెమ్మ ఉంది, దాని మీద ఎర్రమట్టి అట్టకట్టింది. బానెట్ మీద చెయ్యేసి నొక్కి వదిల్తే ఒక్కసారి లేచి ఆగిపోవాలి. నీది మళ్లీ ఊగింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే పైన టాప్ మౌంట్ టక్కుమంటోంది. లోయర్ ఆర్మ్ బుష్షులు పగిలున్నాయి. ఇవన్నీ కొత్తవి వేస్తే నువ్వు చెప్పిన వాలడంలో, ముక్కు పొడవడంలో సగం పోతాది. ఆ సగాన్ని కాయిలోవర్ గొప్పతనం కింద రాసుకోకు.

మేనల్లుడు: నొక్కి చూసే పరీక్షలో బాగా పాడైనవి మాత్రమే దొరుకుతాయి మావయ్యా. సగం అరిగినవి దొరకవు. అయినా నీ మాట ఒప్పుకుంటాను, ఇవి పోయాయి. ఎలాగూ నాలుగూ మార్చాలి కదా, ఆ డబ్బుకి ఇంకొంచెం వేసి కాయిలోవర్లే తెచ్చుకుంటే తప్పేముంది?

మేనమామ: తప్పని కాదు. అది నీకు ఏటి ఇస్తాదో ముందు చెప్పు. నీ కారుకి ముందు ఇప్పుడు కూడా షాకబ్జరు చుట్టూ స్ప్రింగే ఉంది కదా.

మేనల్లుడు: ఉంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న ఏ కారుకైనా ముందు అలాగే ఉంటుంది. కాయిలోవర్‌లో కొత్తది మర. షాకబ్జరు గొట్టానికి బయట మర చెక్కి ఉంటుంది, స్ప్రింగు కూర్చునే పళ్లెం దాని మీద పైకీ కిందికీ తిరుగుతుంది. ఎత్తు మన చేతిలో ఉంటుంది. వెనక మాత్రం పోలోకి టార్షన్ బీమ్. స్ప్రింగు ఒకచోట, షాకబ్జరు ఇంకోచోట. కిట్‌లో కూడా అవి విడివిడిగానే వస్తాయి. ఎత్తుతో పాటు, మంచి వాటిలో స్ప్రింగు గట్టితనం, షాకబ్జరు పట్టు ఒకదానికొకటి సరిపోయేలా చేసి ఇస్తారు. అసలు లాభం అదే.

మేనమామ: అసలు లాభం అదైతే 40 దించడం మాట ముందెందుకొచ్చింది?

మేనల్లుడు: కిందికి దిగితే బరువు కేంద్రం దిగుతుంది. మలుపులో లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి వెళ్లే బరువు తగ్గుతుంది. ఇది లెక్క, షోకు కాదు.

మేనమామ: లెక్కే, కానీ సగమే చెప్పావు. నీ కారు ముందువైపు లోయర్ ఆర్మ్ ఇప్పుడు దాదాపు నేలకి సమంగా ఉంది. 40 దించితే చక్రం వైపు కొస పైకి లేస్తాది. బండి ఏ బిందువు చుట్టూ వాలుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కంటే ఎక్కువ దిగిపోతాది. రెంటి మధ్యా దూరం పెరుగుతాది. అంటే అదే మలుపులో బండిని వాల్చే బలం పెరిగినట్టే. ఆ వాలుని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు కూడా వంకర కోణంలో తిరుగుతాయి. అతుక్కోడానికని దించావు, దించావు గనక గట్టి స్ప్రింగు వేశావు. ఆ గట్టి స్ప్రింగుతో మన దారి ఎలా తోల్తావు?

మేనల్లుడు: సరే, స్ప్రింగు లెక్కే వేద్దాం. కారు 1100 కిలోలు అనుకో. ఇంజిను ముందుంది గనక 60 శాతం బరువు ముందే. ఒక్కో ముందు చక్రం మీద 330 కిలోలు. చక్రం, బ్రేకు, హబ్బు బరువు ఓ 35 తీసేస్తే స్ప్రింగు మోసేది 295. మిల్లీమీటరు కుంగడానికి 2 కిలోలు అడిగే మెత్తటి స్ప్రింగైతే, ఆ మూల సెకనుకి 1.3 సార్లు ఊగుతుంది. మిల్లీమీటరుకి 5 కిలోలైతే 2 సార్లు దాటుతుంది. మామూలు కార్లు ఒకటీ ఒకటిన్నర మధ్య ఉంటాయి. రెండు దాటితే ట్రాక్ వైపు పోతున్నట్టు. నేను 5 వెయ్యమనడం లేదు. 3 సరిపోతుందేమో అంటున్నాను.

మేనమామ: ఆ లెక్కలోనే ఇంకో అంకె ఉంది, అది తియ్యి. బండి నిలబడి ఉన్నప్పుడు స్ప్రింగు ఎంత కుంగి ఉంటాది?

మేనల్లుడు: 2 కిలోల స్ప్రింగైతే 147 మిల్లీమీటర్లు. 5 కిలోలదైతే 59.

మేనమామ: అదే నేను చెప్పేది. చక్రం గోతిలోకి దిగాలంటే దాన్ని కిందికి తోసేది స్ప్రింగే. ఎంత కుంగిందో అంతవరకే తోస్తాది. 59 దాటితే తోసే బలం లేదు, చక్రం వేలాడుతూ ఉంటాది. వాన కోసేసిన రోడ్డు అంచు దగ్గర, దిగబడిన కల్వర్టు దగ్గర మనకి 80, 100 మిల్లీమీటర్ల గోయి కొత్త కాదు. గాలిలో ఉన్న టైరుకి బ్రేకు పట్టదు, స్టీరింగు వినదు. అందరూ గుద్దుకున్నప్పుడు పైకి పోయే జాగా గురించే ఆలోచిస్తారు. కిందికి దిగే జాగా గురించి ఎవరూ అడగరు.

ఇక్కడ నేను మేనమామ పక్షం. సస్పెన్షన్ పని టైరుని నేల మీద ఉంచడం. నున్నటి తారు మీద ఆ పని గట్టి స్ప్రింగుతోనూ జరుగుతుంది, ఎందుకంటే అక్కడ నేలే కదలదు. ఏజెన్సీ రోడ్డు అలాంటిది కాదు. తారు ఒకచోట, కంకర ఒకచోట, కొండ మీంచి వచ్చిన ఎర్రమట్టి ఇంకోచోట. పంటల రోజుల్లో సగం రోడ్డు మీద చోళ్లో వడ్లో ఆరబోసి ఉంటాయి, ఆ సగం వదిలి అంచున దిగి వెళ్లాలి. కొమరాడ, జియ్యమ్మవలస, కురుపాం వైపు చీకటి పడ్డాక ఏనుగుల గుంపు రోడ్డెక్కవచ్చు. అప్పుడు గతుకు మీద వేసిన బ్రేకు పట్టి తీరాలి. రోడ్డు లేక డోలీ కట్టి రోగిని మోసుకొచ్చే గూడేలు ఇప్పటికీ ఉన్న కొండలివి. ఇక్కడ కారున్న ఇల్లు అంటే, ఆ కారు ఏదో ఒక రాత్రి పక్కింటివాళ్లకి అంబులెన్సు కూడా అవుతుంది. అది నేలకి తగిలి ఆగిపోకూడదు.

మేనల్లుడు: నేను రోజూ ఈ దారిలో తిరగను కదా మావయ్యా. విశాఖలో, జాతీయ రహదారి మీద తిరిగేదే ఎక్కువ. రాయపూర్ విశాఖ ఆరు వరసల రహదారి సాలూరు వైపు నుంచే వస్తోంది, 464 కిలోమీటర్ల దారి.

మేనమామ: రానీ, సంతోషం. అది మన గుమ్మలక్ష్మీపురం వీధిలోకి రాదు. నెలకోసారైనా మీ అమ్మనీ పిన్నినీ ఎక్కించుకుని, వెనక రెండు జీడిపిక్కల బస్తాలు వేసుకుని వస్తావు. అప్పుడు వెనక ఎంత దిగుతాది?

మేనల్లుడు: ఓ మూడు నాలుగు సెంటీమీటర్లు.

మేనమామ: కంపెనీ ఇచ్చిన నేల ఎత్తు పదహారు సెంటీమీటర్ల పైచిలుకు. నువ్వు దించింది నాలుగు, బరువుకి దిగింది నాలుగు. మిగిలింది ఎనిమిదీ తొమ్మిదీ. ఊరి ముందు స్పీడ్ బ్రేకరు దాటగలవా?

మేనల్లుడు: నిబంధన ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరైతే దాటగలను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం. నా కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య రెండున్నర మీటర్ల లోపే. అంత సాగిన వంపు మీద ఉన్నప్పుడు రెండు చక్రాల మధ్యలోకి పొడుచుకొచ్చేది నాలుగున్నర సెంటీమీటర్లే. తగలదు.

మేనమామ: మన దగ్గర అలా కట్టినవి ఎన్ని? మూరెడు వెడల్పున సిమెంటు గట్టు పోసి వదిలేస్తారు. అది మొత్తం ఎత్తుకి ఎత్తు కడుపు కిందికి వస్తాది. తగిలేది ముందు ఇంజిను ఆయిల్ ఛాంబర్‌కి. అది చిల్లు పడితే భద్రగిరి దగ్గర రాత్రి పూట ఏటి చేస్తావు?

మేనల్లుడు: (కాసేపు ఆగి) సరే, 40 దించడం వదిలేస్తాను. కానీ కాయిలోవర్‌ని వదలను. నువ్వు కాయిలోవర్ అనగానే దించిన కారునే చూస్తున్నావు. ర్యాలీ కారు సంగతేంటి? గౌరవ్ గిల్ 2016లోనూ 2017లోనూ ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్ అయింది స్కోడా ఫాబియా ఆర్5 మీద. అది నా పోలోకి దాయాది కారు. చిక్కమగళూరు కాఫీ తోటల మట్టిదారుల్లో ఆ కారు ఎగిరి దూకుతూ పోయింది. దాని నాలుగు మూలలా ఉన్నవి కాయిలోవర్లే. మట్టి ర్యాలీకి కారుని పైకి లేపుతారు, స్ప్రింగు మెత్తబరుస్తారు, చక్రం కదిలే జాగా పెంచుతారు. తారు ర్యాలీ వచ్చినప్పుడే దించి గట్టి స్ప్రింగు వేస్తారు. మర ఉన్నది దించడానికే అని ఎవరన్నారు?

మేనమామ: ఇది బాగుంది. ఇది ముందే చెప్పి ఉంటే సగం వాదన ఉండేదే కాదు.

మేనల్లుడి ఈ మాటకి మేనమామ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. మన పట్టణాల్లో కాయిలోవర్ అమ్మేవాళ్లు చాలామంది ఎత్తు తగ్గడాన్నే సరుకుగా అమ్ముతున్నారు. ఫెండరుకీ టైరుకీ మధ్య వేలు పట్టని ఫొటో చూపించి బేరం ముగిస్తున్నారు. ఆ ఫొటోలో చక్రం ఎంత కదలగలదో కనిపించదు. కొనేవాడు అడగాల్సింది ఆ కనిపించని అంకె.

మేనమామ: అయితే విను. ఎత్తు మార్చే పద్ధతి రెండు రకాలని నాకు తెలుసు. ఒకదాంట్లో స్ప్రింగు పళ్లెం తిప్పితే ఎత్తు మారుతాది. ఇంకోదాంట్లో గొట్టం అడుగు మర మీద తిరిగి, మొత్తం స్ట్రట్ పొడవే మారుతాది. మొదటి దాంట్లో పళ్లెం దించితే కడ్డీ గొట్టంలోకి దిగిపోతాది, పైకి పోయే జాగా తినేస్తాది. పళ్లెం బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని కూడా అంటారు.

మేనల్లుడు: అది మాత్రం కాదు. ఒకే తీరు స్ప్రింగుని పళ్లెంతో పైకి తోస్తే కారు లేస్తుంది, అంతే. మోసే బరువు అదే గనక కుంగేదీ అంతే. మిల్లీమీటరుకి 3 కిలోలదైతే 3 కిలోలదే. రెండో రకంలో ఎత్తు మారినా కడ్డీ ఉండే చోటు మారదు, అందుకే నేను దాన్నే ఎంచుకుంటాను. అయితే అందులో ఒక ప్రమాదం ఉంది. మరీ పొట్టి చేస్తే, కడ్డీకి ఇంకా జాగా ఉండగానే టైరు ఫెండరుకి తగులుతుంది.

మేనమామ: ఎంచుకునే ముందు ఒక పని చెయ్యి. ఇప్పుడున్న స్ట్రట్ కడ్డీకి రబ్బరు తొడుగు పైకి జరిపి, కడ్డీకి అడుగున ఒక ప్లాస్టిక్ టై బిగించు. బిగువుగా ఉండాలి, చేత్తో తోస్తేనే జరగాలి. ఇంట్లోవాళ్లనీ బస్తాలనీ ఎక్కించుకుని కురుపాం నుంచి భద్రగిరి దాకా మామూలుగా తోలు. వచ్చాక తొడుగు జరిపి చూడు. గొట్టం ఆ టైని ఎంత పైకి తోసిందో అంత జాగా నీకు ఈ దారిలో కావాలి. పైన బంప్ స్టాప్ రబ్బరుకి టై ఎంత దూరంలో ఆగిందో చూడు. ఎంత దించొచ్చో ఆ దూరమే చెబుతాది, అమ్మేవాడు కాదు.

మేనల్లుడు: బంప్ స్టాప్ తగిలితే మరీ అంత ప్రమాదమా? రబ్బరే కదా.

మేనమామ: నేరుగా పోతున్నప్పుడు నడుం నొప్పి, అంతే. మలుపులో తగిలిందనుకో, ఆ క్షణంలో స్ప్రింగు గట్టితనం ఒక్కసారి ఎన్నో రెట్లవుతాది. వెనక వైపు తగిలితే వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి, బండి తోక తిరుగుతాది. ఘాట్‌లో పక్కన లోయ ఉంటాది. దించిన కారులో నలుగురు ఎక్కితే ఆ రబ్బరుకి దగ్గరలోనే తిరుగుతున్నట్టు.

మేనల్లుడు: మరి షాకబ్జరు సంగతి? నేను చూసిన కిట్లలో చౌకవాటికి పట్టు మార్చే మీటకి 32 క్లిక్కులు, పేరున్న వాటిలో కొన్నింటికి అసలు మీటే లేదు.

మేనమామ: మీట లేకపోతే లోటేం కాదు. సరిగ్గా కుదిర్చి ఇచ్చారని అర్థం కావచ్చు.

మేనల్లుడు: అదీ నిజమే. ఒకే మీట ఉన్న వాటిలో అది ఎక్కువగా స్ప్రింగు తిరిగి సాగేటప్పటి పట్టునే మారుస్తుంది. అది మరీ బిగిస్తే చక్రం కిందికి దిగే లోపే ఇంకో గతుకు వస్తుంది. వరస గతుకుల మీద బండి మెల్లమెల్లగా కిందికి కుంగిపోతుంది. డ్రైవరుకి గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి టైరు నేల మీద లేదు. మలుపులో కడ్డీ నెమ్మదిగా కదులుతుంది, గోతిలో వేగంగా కదులుతుంది. నెమ్మది కదలికకి గట్టిగా పట్టి, వేగం కదలికకి వదిలే వాల్వు కావాలి. నేను డబ్బు పెట్టేది దానికే.

మేనమామ: ఒకే గొట్టం ఉన్న గ్యాసు షాకబ్జరు వేస్తావా, రెండు గొట్టాలదా?

మేనల్లుడు: ఘాట్ దిగేటప్పుడు వేడికి ఒకే గొట్టందే మేలు. నూనెలో గ్యాసు కలవదు, నురగ రాదు. ఫ్రాన్సులో ద కార్బన్ 1950ల్లో తెచ్చిన పద్ధతి అది. బిల్‌స్టీన్‌కి పేరొచ్చింది దాంతోనే.

మేనమామ: వేడికి మేలే. కానీ దాంట్లో బయటి గొట్టమే పిస్టన్ జారే గోడ. కంకర రాయి ఎగిరి దెబ్బ తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటాది. రెండు గొట్టాలదైతే బయటి గొట్టానికి చిన్న సొట్ట పడినా లోపల పని సాగుతాది. నువ్వు ఒకే గొట్టందే వేస్తానంటే రాయి తగలకుండా ముందు అడ్డు పెట్టించు. ఇంకోటి, మర. ఇక్కడ బురద, విశాఖలో సముద్రపు ఉప్పుగాలి. రెండు వానాకాలాలు ముట్టుకోకపోతే పళ్లెం కదలదు, సుత్తి పెట్టి కొట్టాలి. కడిగి, గ్రీజు రాసి, తొడుగు వెయ్యాలి. నూనె సీలు పోతే మన పార్వతీపురంలో విప్పేవాడు లేడు.

మేనల్లుడు: విప్పి బాగుచేసే సదుపాయం దేశంలో ఎక్కడుందో కొనేముందే కనుక్కుంటాను. లేని కంపెనీ వద్దు.

మేనమామ: చట్టం మాటేటి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూశావా? 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలు మారేలా బండిని మార్చకూడదంది. అదే ఏడాది సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు.

మేనల్లుడు: షాకబ్జరు ఏ కంపెనీదో ఆర్‌సీలో రాయరు కదా మావయ్యా. అరిగినవాటి స్థానంలో వేరే కంపెనీవి వేసుకునేవాళ్లు ఎంతమంది లేరు?

మేనమామ: ఎత్తు మార్చకుండా వేసినవాణ్ని ఎవరూ ఆపరు. నేల రాసుకుంటూ పోయే కారుని ఆపుతారు. ప్రమాదం జరిగితే బీమావాళ్లు కూడా మొదట అదే ఎత్తుతారు. కొనే ముందే వాళ్లకి రాసి చెప్పు, జవాబు కాగితం మీద తీసుకో.

మేనల్లుడు: చెబుతాను. ఒక మాట మాత్రం ఒప్పుకో. మెక్‌ఫర్సన్ ముందుభాగం వాలితే బయటి టైరు నిటారుతనం పోతుంది, భుజం మీద నడుస్తుంది. నా ముందు టైర్లు బయటి అంచున అరిగింది అందుకే. వాలుని కొంత ఆపాల్సిన అవసరం నిజం.

మేనమామ: టైర్లు చూశాను, నిజమే. ఆపు, కానీ కొంతే. స్ప్రింగు ఒక మెట్టు, వాల్వు ఒక మెట్టు, వీల్ అలైన్‌మెంట్‌లో క్యాంబర్ ఒక మెట్టు. మొత్తం భారం స్ప్రింగు మీదే వెయ్యకు.

వాళ్ల వాదం ఇక్కడ ఆగింది. మేనల్లుడు ముందు బుష్షులు, టాప్ మౌంట్లు, మంచి టైర్లు వేయించి, కొత్త మామూలు షాకబ్జర్లతో కొన్నాళ్లు తోలి చూస్తానన్నాడు. మేనమామకి అది నచ్చింది. నాకు పూర్తిగా నచ్చలేదు. ఘాట్ మీద ఇష్టం ఉన్నవాడు, వేగంగా తోలే కారున్నవాడు, ఒకే పనికి రెండుసార్లు ఖర్చు పెట్టనక్కర్లేదు. కాయిలోవరే వేయించుకోవచ్చు. కంపెనీ ఎత్తుకి 10, 15 మిల్లీమీటర్ల కంటే కిందికి దించకూడదు. ముందు స్ప్రింగు మిల్లీమీటరుకి 3 కిలోల దగ్గర ఆగాలి. పొడవు వేరుగా మారే రకమై ఉండాలి, బంప్ స్టాప్‌కి కారు నిండినప్పుడు కూడా జాగా మిగలాలి. బిగించాక అలైన్‌మెంట్ చేయించాలి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టూ మళ్లీ బిగించాలి. ఇలాంటి సెట్టు మంచిదైతే లక్ష దాటుతుంది. అంత పెట్టలేనివాడు చౌక 32 క్లిక్కుల కిట్టు కొనడం కంటే మేనమామ చెప్పిన దారిలో వెళ్లడమే సరైన పని.

ఈ కొండ దారుల్లో తిరుగుతూ కాయిలోవర్ కొనాలనుకుంటున్నవాళ్లు దుకాణంలో మూడు అంకెలు రాయించుకోండి: స్ప్రింగు గట్టితనం, చక్రం పైకి కదిలే జాగా, కిందికి దిగే జాగా. వాటిని రాసి ఇవ్వలేని దుకాణంలో డబ్బు కట్టకండి.